మొదటిసారి స్కీయింగ్ కి వెళ్తున్నావా, అయితే డబ్బులు ముందు ప్యాంటు మీద పెట్టు

ప్రశ్న: అక్కా, ఫ్రెండ్స్ తో కలిసి మొదటిసారి స్కీయింగ్ కి వెళ్తున్నా, 4 రోజులు, బిగినర్స్ క్లాసులు కూడా బుక్ చేసేశాం. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, పైగా చదువు లోన్ కడుతున్నా. స్కీ జాకెట్, ప్యాంటు సెట్ల రేట్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. నా దగ్గర ఉన్నవి ఒక రెయిన్ జాకెట్, ఒక ఫ్లీస్ (స్వెటర్ లాంటి మెత్తటి పాలిస్టర్ టాప్), జిమ్ టైట్స్, ఫుల్ హ్యాండ్స్ స్పోర్ట్స్ టాప్, జీన్స్, లావుపాటి ఉలెన్ సాక్సులు. ఒక ఫ్రెండేమో మంచి డౌన్ జాకెట్ ఒక్కటి కొనుక్కో చాలు అంటోంది, ఇంకో అమ్మాయి బ్రాండెడ్ కొనకపోతే గడ్డకట్టిపోతావ్ అంటోంది. మళ్ళీ ఎప్పుడైనా వెళ్తానో లేదో కూడా తెలీదు. ఏది కొనాలి, ఏది మానెయ్యాలి, జీన్స్ తో నడిపించేస్తే కుదురుతుందా?

సమాధానం: చెల్లీ, ముందు జీన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే. జీన్స్ వద్దు. లోపల థర్మల్ వేసుకుని పైన జీన్స్ వేసుకుంటా అన్నా సరే వద్దు. మొదటి రెండు రోజులు నువ్వు స్కీల మీద జారే టైమ్ కంటే మంచులో కూర్చునే టైమే ఎక్కువ ఉంటుంది, పడతావు, లేస్తావు, స్కీ ఊడిపోతే మోకాళ్ళ మీద వంగి మళ్ళీ పెట్టుకుంటావు, టీచర్ పక్కవాళ్ళకి చెప్తుంటే అలిసిపోయి అక్కడే చతికిలబడతావు, కొండ పైకి తీసుకెళ్ళే కుర్చీ లిఫ్ట్ ఎక్కితే సీటు మీద కరిగిన మంచు ఉంటుంది దాని మీదే కూర్చోవాలి. కాటన్ ఈ నీళ్ళన్నీ పీల్చేసుకుంటుంది, ఆ చలిలో సాయంత్రం దాకా ఆరదు. నీళ్ళు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, అందుకే మైనస్ డిగ్రీల్లో పొడిగా ఉన్నవాళ్ళు హాయిగా తిరుగుతుంటారు, తడిసినవాళ్ళు మాత్రం సున్నా దగ్గరే వణికిపోతారు. అక్కడ మనం కాచుకోవాల్సింది చలి కంటే ముందు తడిని. ఏది కొనాలి ఏది మానాలి అన్నదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇది తెలీకే నష్టపోయా. ఉన్న డబ్బంతా మంచి జాకెట్ మీద పెట్టి, కింద ఏముందిలే అని కాటన్ లెగ్గింగ్స్ మీద మామూలు ట్రాక్ ప్యాంట్ వేసుకెళ్ళా. మధ్యాహ్నం కాకముందే నడుము నుంచి మోకాళ్ళ దాకా తడిసి ముద్దయిపోయింది. పైన జాకెట్ లో చెమటలు పడుతున్నాయి, కింద కాళ్ళు మొద్దుబారిపోతున్నాయి, ఇక తట్టుకోలేక డబ్బు కట్టిన క్లాసు వదిలేసి హీటర్ పక్కన కూర్చున్నా, మిగతావాళ్ళు నేర్చుకుంటుంటే కిటికీలోంచి చూస్తూ ఏడుపొచ్చేసింది. అందుకే అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తా, కొత్తవాళ్ళు జాకెట్ మీద పడతారు ఎందుకంటే ఫోటోల్లో కనపడేది అదే కాబట్టి, కానీ మంచులో ఆనేది ప్యాంటు, గ్లవ్స్. నీ బడ్జెట్ లో మొదటి వాటా వాటికే పోవాలి.

ప్యాంటు గురించి కాస్త వివరంగా చెప్తా, నువ్వు నిజంగా డబ్బు పెట్టాల్సిన పెద్ద వస్తువు ఇదొక్కటే. లేబుల్ మీద 5,000, 10,000, 20,000 అని అంకెలుంటాయి, అది వాటర్‌ప్రూఫ్ లెక్క, గుడ్డ మీద నీటిని గొట్టంలో నిలబెడితే ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు దాకా లోపలికి దిగకుండా ఆపుతుందో ఆ సంఖ్య. 10,000 అంటే 10 మీటర్ల నీళ్ళ ఒత్తిడి. మంచు పడితే అంత ఒత్తిడి ఎక్కడుంటుంది అనిపిస్తుంది కదా, పైనుంచి పడే మంచుకి ఉండదు, కానీ తడి సీటు మీద కూర్చున్నప్పుడు నీ బరువంతా ఆ నీటిని గుడ్డలోకి నొక్కుతుంది, మోకాలు ఆనించినప్పుడైతే బరువంతా చిన్న చోట పడుతుంది కాబట్టి ఇంకా గట్టిగా నొక్కుతుంది, అందుకే జాకెట్ తక్కువ రకం అయినా నడిచిపోతుంది కానీ ప్యాంటు నడవదు. నీకు 10,000 చాలు. బాగా చలిగా ఉండి మంచు పొడిపొడిగా రాలేచోటయితే 5,000 తో కూడా లాగించెయ్యొచ్చు, సీజన్ చివర్లో మంచు తడితడిగా ఉంటే మాత్రం 5,000 చాలదు. 20,000 అనేది రోజంతా తడి మంచులో, వానలో తిరిగేవాళ్ళకి, దానికోసం నువ్వు ఎక్కువ పెట్టక్కర్లేదు.

అంకె ఒక్కటే చూసి కొనెయ్యకు. గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టిన చోట సూది రంధ్రాలుంటాయి, నీళ్ళు అక్కడినుంచే దిగుతాయి, అందుకని కుట్ల మీద లోపలి వైపు టేప్ అంటిస్తారు. ఫుల్లీ టేప్డ్ అంటే అన్ని కుట్లకీ, క్రిటికల్లీ టేప్డ్ అంటే ముఖ్యమైన కుట్లకి మాత్రమే. చవక ప్యాంట్లలో రెండోదే ఎక్కువ ఉంటుంది, అదేం తప్పు కాదు, కాకపోతే లైనింగ్ లేనిదైతే లోపలివైపు తిప్పి కూర్చునే చోట కుట్టుకి టేప్ ఉందో లేదో కళ్ళారా చూసుకో, లైనింగ్ ఉంటే లేబుల్ చదువు. కాళ్ళ అంచుల దగ్గర లోపల ఎలాస్టిక్ తో ఇంకో చిన్న గుడ్డ ఉండాలి, అది బూటు పైకి లాక్కుంటే మంచు లోపలికి దూరదు. అది బూటు బయట ఉండాలి, చాలామంది తెలీక బూటు లోపలికి తోసేస్తారు. తొడల దగ్గర జిప్పులుంటే ఇంకా మంచిది, నేర్చుకునేటప్పుడు పడే శ్రమకి ఒళ్ళు వేడెక్కిపోతుంది, జిప్పు తీస్తే గాలాడుతుంది. గుడ్డ చెమట ఆవిరిని ఎంత బయటికి పంపిస్తుంది అని చెప్పే ఇంకో అంకె ఉంటుంది కానీ నా అనుభవంలో ఆ అంకె కంటే ఈ జిప్పే పనికొస్తుంది.

లోపల దూది లాంటి ఇన్సులేషన్ ఉన్న ప్యాంటు కొనాలా, అదేం లేకుండా ఉత్త పై గుడ్డ మాత్రమే ఉండే షెల్ ప్యాంటు కొనాలా అంటే నేనైతే షెల్ అంటా. లోపల నీ జిమ్ టైట్స్ వేసుకుంటే మామూలు చలికి సరిపోతుంది, చలి ముదిరితే ఇంకో లేయర్ వేసుకోవచ్చు, పైగా స్కీయింగ్ కి మళ్ళీ వెళ్ళకపోయినా వానల్లో ట్రెక్కింగ్ కి, బండి మీద వెళ్ళడానికి అదే ప్యాంటు వాడుకోవచ్చు, మళ్ళీ వెళ్తానో లేదో అన్నావు చూడు, ఆ దిగులుకి ఇదే నా జవాబు. నీకు మరీ చలి ఎక్కువ తట్టుకోలేని ఒళ్ళయితే మాత్రం ఇన్సులేటెడ్ తీసుకో, ఇబ్బందేం లేదు. భుజాల మీదకి పట్టీలుండే బిబ్ ప్యాంట్లు ఉంటాయి, ఎలా పడ్డా నడుములోంచి మంచు దూరదు కాబట్టి కొత్తవాళ్ళకి చాలా మంచివి, కానీ ఆడవాళ్ళం బాత్రూమ్ కి వెళ్ళాలంటే జాకెట్ తో సహా అన్నీ విప్పాలి, వెనకాల జిప్పుతో తెరుచుకునే రకం దొరికితేనే తీసుకో.

ఇక జాకెట్. నీ రెయిన్ జాకెట్ చాలు. నమ్మబుద్ధి కావట్లేదు కదా, కానీ స్కీయింగ్ కి కావాల్సింది గాలినీ నీటినీ ఆపే పై తొడుగు, వెచ్చదనం లోపలి బట్టలు ఇస్తాయి. జాకెట్ పిరుదుల దాకా రావాలి, హుడ్ ఉండాలి, లోపల ఫ్లీస్ వేసుకున్నా చేతులు పైకెత్తి తిప్పడానికి ఖాళీ ఉండాలి, ఈ మూడూ ఉంటే అది పనికొస్తుంది. వెళ్ళేముందు దాని మీద గ్లాసుడు నీళ్ళు పొయ్యి, ముత్యాల్లా జారిపోతే బాగున్నట్టు, గుడ్డ నల్లబడి తడి పట్టేస్తే పైన ఉండే నీటిని తోసేసే పూత అరిగిపోయిందన్నమాట. అంతమాత్రాన జాకెట్ పాడైపోయినట్టు కాదు, లేబుల్ చూసి ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్ లో తక్కువ వేడి మీద తిప్పితే చాలాసార్లు పూత మళ్ళీ లేస్తుంది, లేవకపోతే వాటర్‌ప్రూఫింగ్ స్ప్రే కొట్టుకో, కొత్త జాకెట్ తో పోలిస్తే అదెంత. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వెయ్యకు, అది ఆ పూతని చంపేస్తుంది.

రెయిన్ జాకెట్ కి ఉండే లోపం నడుము దగ్గర మంచుని ఆపే పట్టీ లేకపోవడం. అడుగున తాడు ఉంటే బిగించుకో, ఫ్లీస్ ని మాత్రం ప్యాంటులోకి దోపుకోకు ఉబ్బుతుంది, లోపలి టాప్ ని దోపుకో. ఇంకోటి, స్కీలు భుజాన మోస్తే అంచులు పదునుగా ఉంటాయి, పల్చటి జాకెట్ చిరుగుతుంది, కాస్త జాగ్రత్తగా పట్టుకో. చలి లెక్క వేసేటప్పుడు కింద హోటల్ దగ్గర ఎంత అని కాదు, పైన లిఫ్ట్ దిగే చోట ఎంత అని చూడు, ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే ఇంకా, మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 లా తగులుతుంది. అంత చలి చూపిస్తుంటే ఫ్లీస్ కి తోడు ఇంకో పల్చటి ఫ్లీసో, చేతుల్లేని జాకెట్టో ఎవర్నైనా అడిగి తీసుకెళ్ళు.

డౌన్ జాకెట్ చెప్పిన ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పింది, కానీ ఈ పనికి అది సరైంది కాదు. డౌన్ అంటే పక్షుల మెత్తటి ఈకలు, వాటి మధ్య గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది, తడిస్తే ఉండలు కట్టేసి ఆ గాలి పోతుంది, వెచ్చదనమూ పోతుంది. మామూలు డౌన్ జాకెట్ల పై గుడ్డ వాటర్‌ప్రూఫ్ కాదు కూడా. పైగా ఒక్క లావు జాకెట్ వేసుకుంటే వేడెక్కినప్పుడు విప్పడం తప్ప వేరే దారి లేదు, మూడు పల్చటివి వేసుకుంటే మధ్యలోది తీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఎవరైనా అరువిస్తే సాయంత్రాలు బయట తిరగడానికి వేసుకో, దానికోసం డబ్బు పెట్టకు. బ్రాండ్ అనే అమ్మాయికి కూడా ఒక మాట, గోర్‌టెక్స్ లాంటి పేరున్న మెంబ్రేన్లు, అంటే నీటిని ఆపి చెమట ఆవిరిని బయటికి పంపే పల్చటి పొరలు, నిజంగా బాగా పనిచేస్తాయి, అందులో అబద్ధం లేదు, కానీ అవి గంటల తరబడి తుఫానులో ఉండేవాళ్ళకి కావాలి, కొత్తవాళ్ళ కోసం ఉండే చిన్న వాలు మీద నేర్చుకుంటూ ప్రతి గంటకీ లోపలికొచ్చి వేడిగా ఏదైనా తాగేవాళ్ళకి అవసరం లేదు.

ఒంటికి ఆనుకునే లేయర్ నీ దగ్గర ఆల్రెడీ ఉంది. జిమ్ టైట్స్, ఫుల్ హ్యాండ్స్ స్పోర్ట్స్ టాప్ పాలిస్టర్ వైతే అవే నీ థర్మల్స్, అవి చెమటని పీల్చి నిలవుంచుకోకుండా బయటికి పంపిస్తాయి. లేబుల్ మీద కాటన్ శాతం చూడు, సగం కాటన్ ఉన్నా పక్కన పెట్టెయ్. లోపలి బట్టల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా, బ్రా కాటన్ ది అయితే చెమటకి తడిసి రోజంతా గుండెల మీద చల్లగా అంటుకుని ఉంటుంది, స్పోర్ట్స్ బ్రా వేసుకో. మెరినో గొర్రెల ఉన్ని చాలా బాగుంటుంది, 4 రోజులు వేసుకున్నా పెద్దగా వాసన రాదు, కానీ ధర ఎక్కువ, ఈసారికి వద్దు.

సాక్సుల దగ్గర మాత్రం దయచేసి నా మాట విను. నీ లావు ఉలెన్ సాక్సులు రూమ్ లో వేసుకో, స్కీ బూట్లలో వద్దు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ ది, సాగదు, లావు సాక్స్ వేసినా, రెండు జతలు వేసినా పాదం నొక్కుకుపోయి రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఇంకా చల్లబడుతుంది. మా గ్రూపులో ఒకావిడ కాళ్ళు చల్లగా ఉన్నాయని రోజుకో జత పెంచుకుంటూ పోయింది, మూడో రోజు టీచర్ చూసి అన్నీ విప్పించి ఒక్క పల్చటి జత వేయించేసరికి గంటలో కాళ్ళు వెచ్చబడ్డాయి. పిక్క పైదాకా వచ్చే ఒకటే పల్చటి స్కీ సాక్స్, రెండు జతలు కొనుక్కో, ఒకటి ఆరుతుంటే ఒకటి. బూటులో సాక్స్ తప్ప ఇంకేం ఉండకూడదు, టైట్స్ అంచు కూడా, ఆ మడత మీద బూటు నొక్కితే మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర ప్రాణం పోతుంది. మోకాలి కింద ఆగిపోయే త్రీఫోర్త్ టైట్స్ ఉంటే అవే వేసుకో, లేదా టైట్స్ ని బూటు పైకి మడిచి పెట్టుకో.

గ్లవ్స్ కొనాల్సిందే, అల్లిన ఉలెన్ గ్లవ్స్ పది నిమిషాల్లో తడుస్తాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నవి, మణికట్టు దాటి జాకెట్ చేతుల్ని కప్పేంత పొడుగువి తీసుకో. నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే మిట్టెన్స్ ఇంకా వెచ్చన, వేళ్ళు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి, కానీ బూటు బకిల్స్ పెట్టుకునేటప్పుడు ఇబ్బంది. నీ చేతులు త్వరగా చల్లబడే రకమైతే మిట్టెన్స్, లేదంటే గ్లవ్స్, ఏదైనా లోపల పల్చటి రన్నింగ్ గ్లవ్స్ ఒక జత వేసుకుంటే పైవి విప్పినప్పుడు చేతులు ఊరికే గడ్డకట్టవు. మెడకి స్కార్ఫ్ వద్దు, వేలాడే అంచులు లిఫ్ట్ లో చిక్కుకునే ప్రమాదం ఉంది, గొట్టంలా ఉండే నెక్ వార్మర్ తీసుకో, చాలా చవక.

గాగుల్స్ ని ఫ్యాషన్ అనుకోకు. కొత్త మంచు మీద పడిన యూవీ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదకే కొడుతుంది, ఎత్తుకి వెళ్ళేకొద్దీ ప్రతి 1000 మీటర్లకీ యూవీ ఇంకో 10 శాతం దాకా పెరుగుతుంది. కళ్ళు కాలితే వెంటనే తెలీదు, కొన్ని గంటలయ్యాక రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతుంది. 100 శాతం యూవీ ఆపేది, రెండు పొరల లెన్స్ ఉన్నది తీసుకో, ఒకటే పొర అయితే ఆవిరి పట్టేస్తుంది. లెన్స్ మీద ఎస్1, ఎస్2, ఎస్3 అని కేటగిరీ ఉంటుంది, ఒక్కటే కొనేదైతే ఎస్2, ఎండకీ మబ్బుకీ మధ్యస్థంగా పనికొస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుంటావా రాయలేదు, పెట్టుకుంటే వాటి పైనుంచి పట్టే రకం అడుగు. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు అడుగున కూడా రాసుకో, వెలుతురు కిందనుంచి కూడా వస్తుంది.

స్కీలు, బూట్లు, పోల్స్ (చేతుల్లో పట్టుకునే కర్రలు), హెల్మెట్ రెంట్ కి తీసుకో, ఈ దశలో కొనే ఆలోచనే వద్దు. హెల్మెట్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా సెకండ్ హ్యాండ్ కొనకు, లోపలి ఫోమ్ ఒక్క గట్టి దెబ్బకి నలిగిపోయేలా చేసింది, నలిగింది పైకి కనపడదు. లోపల ఈఎన్ 1077 అనో ఏఎస్‌టీఎం ఎఫ్2040 అనో, అవి స్కీ హెల్మెట్ల భద్రతా ప్రమాణాలు, రాసి ఉందో లేదో రెంట్ తీసుకునేటప్పుడు చూడు. సైకిల్ హెల్మెట్ తో కుదరదు. హెల్మెట్ కింద లావు ఉలెన్ టోపీ పెట్టకు, సరిగ్గా కూర్చోదు. చాలా చోట్ల జాకెట్, ప్యాంటు కూడా రెంట్ కి ఇస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కో, 4 రోజుల ప్యాంటు రెంట్ కొత్త ప్యాంటు ధరలో సగం దాటుతుంటే కొనడమే మేలని నా లెక్క, దాటకపోతే రెంట్ కే తీసుకో.

కొనేదైతే కొత్తదే కొనక్కర్లేదు. ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ వెళ్ళనివాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ ప్యాంట్లు దాదాపు కొత్తవే, ముందు తెలిసినవాళ్ళని అడుగు, తర్వాత సెకండ్ హ్యాండ్ వెతుకు. తీసుకునేముందు లోపలివైపు తిప్పి చూడు, తెల్లటి పొర పొలుసుల్లా రాలుతున్నా, కుట్ల టేప్ లేచిపోతున్నా వదిలెయ్, అది బాగవ్వదు. పై పూత అరిగితే స్ప్రేతో బాగవుతుంది, కాళ్ళ అంచులు స్కీలకి తగిలి చిన్నగా కోసుకుపోయి ఉంటే ప్యాచ్ వేసుకోవచ్చు, వాటిని చూపించి రేటు తగ్గించమను. జిప్పులు గ్లవ్స్ వేసుకున్న చేత్తో లాగి చూడు. కొత్తది కొనాలంటే సీజన్ చివర్లో రేట్లు బాగా పడతాయి, నీకు అంత టైమ్ లేకపోతే నిరుడు మిగిలిపోయిన రంగులు అడుగు, రంగు పాతదైతే వాటర్‌ప్రూఫ్ పాతదైపోదు కదా.

అంటే మొత్తమ్మీద నువ్వు డబ్బు పెట్టాల్సింది ప్యాంటు, గ్లవ్స్, గాగుల్స్, రెండు జతల సాక్సులు, నెక్ వార్మర్, అంతే, మిగతావి నీ అల్మరాలో ఉన్నాయి లేదా రెంట్ కి దొరుకుతాయి. ప్యాంటు ఇంటికొచ్చాక ట్యాగులు కత్తిరించకుండా లోపల టైట్స్, సాక్సులతో సహా అన్నీ వేసుకుని గొంతుక్కూర్చుని లే, ఒక కాలు కుర్చీ మీద పెట్టి వంగి పాదం పట్టుకో, నేల మీద కూర్చుని చేతి సాయం లేకుండా లేవడానికి చూడు. మోకాళ్ళ దగ్గర పట్టేసినా, వంగినప్పుడు నడుము వెనకాల ప్యాంటు కిందికి దిగి ఒళ్ళు బయటపడినా ఆ రోజే ఇచ్చేసి ఒక సైజు పెద్దది తెచ్చుకో.